కాయిలు కొలతలూ – కరెంటు లెక్కలూ

"మీ పుస్తకాల్లో గాలికి దుమ్ముండదా నాయనా?"

మా నూజెండ్ల వైపు ఒక పాలకేంద్రం అరుగు మీద కూర్చొని మా పెద్దమ్మ నన్నడిగిన ప్రశ్న ఇది. అప్పటికి నేను మెకానికల్ ఇంజనీరింగు మూడో సంవత్సరం పూర్తిచేసి, ఉష్ణప్రసరణ పేపర్లో మంచి మార్కులు తెచ్చుకొని, వేసవి సెలవులకు ఊరొచ్చినవాణ్ణి. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తలొంచుకొని ఊరుకున్నాను. ఈ సంచికకు ఏదైనా వ్రాయమని సంపాదకవర్గ మిత్రులు అడిగినప్పుడు, ఆ బాకీ తీర్చుకోవడానికి ఇంతకు మించిన సందర్భం దొరకదనిపించింది. అందుకే ఈ వ్యాసం.

ముందు జరిగిన సంగతి చెప్పి, తర్వాత శాస్త్రంలోకి వస్తాను.

ఆ కేంద్రంలో పాలు చల్లబరిచే పెద్ద స్టీలు తొట్టి ఉంది. దాని పక్కనే కంప్రెసరు, కండెన్సరు కాయిలు, ఒక ఫ్యాను. పాత కాయిలు తుప్పుపట్టి కారుతుంటే, మార్చాలని నిర్ణయించారు. కేంద్రం చూసే మా బాబాయి వరసాయన "ఏందిరా, ఇంజనీరింగు చదవతన్నావు గదా, ఎట్టాంటిది తెప్పించమంటావు?" అన్నాడు. నేను ఏమాత్రం తడుముకోకుండా "రెక్కలు ఎంత దగ్గర దగ్గరగా ఉంటే అంత మంచిది బాబాయ్, వైశాల్యం పెరుగుద్ది" అన్నాను. అలాగే తెప్పించారు. నెలరోజులు మహారాజులా నడిచింది. మెషీను తొందరగా ఆగుతోంది, బిల్లు తగ్గింది, నా ఛాతీ పెరిగింది!

తర్వాత మే నెల వచ్చింది. కేంద్రం చుట్టూ గడ్డివాములు, పక్కన కల్లాలు, రోడ్డు మీద లారీలు. పొట్టు, పత్తి నూగు, ఎర్రదుమ్ము కలిసి ఆ సన్నని రెక్కల మధ్య మందంగా పట్టుకున్నాయి. ఒక సాయంత్రం పాలు పోశాక, లోపలి పీడనం హద్దు దాటి రక్షణ స్విచ్చి పడిపోయింది. మళ్ళీ వేస్తే మళ్ళీ పడింది. తెల్లారేసరికి తొట్టెడు పాలు పులిసిపోయినాయి. పొద్దున గేదె పాలతో వచ్చిన ఆడవాళ్ళకు, నిన్నటి పాల డబ్బులు రావని చెప్పాల్సి వచ్చింది. మా పెద్దమ్మ వాళ్ళలో ఒకరు. ఆమె ఎవర్నీ తిట్టలేదు. ఆ ఒక్క ప్రశ్న మాత్రం అడిగింది.

చలువ చెయ్యడం కాదు, వేడి మొయ్యడం

మిత్రులారా! చలువ అనే పదార్థం ఏదీ లేదు. చల్లబరచడమంటే ఒకచోటి వేడిని ఎత్తి ఇంకోచోట పారబోయడమే. నీళ్ళు పల్లానికి తమంతట తాము పారినట్లు, వేడి ఎక్కువ ఉష్ణోగ్రత నుండి తక్కువకు తనంతట తాను పోతుంది. ఎదురెక్కించాలంటే మోటారు కావాలి. బావిలో నీళ్ళు తోడే మోటారు నీళ్ళకు ఏం చేస్తుందో, కంప్రెసరు వేడికి అదే చేస్తుంది.

ఈ యంత్రంలో నాలుగు భాగాలు. శీతలీకరణ ద్రవం తక్కువ పీడనంలో ఎవాపరేటరు కాయిల్లో మరిగి ఆవిరవుతూ, పాల నుంచో గది నుంచో వేడిని పీల్చుకుంటుంది. ఆ ఆవిరిని కంప్రెసరు అదిమి, వేడెక్కించి, కండెన్సరు కాయిల్లోకి నెడుతుంది. అక్కడ అది బయటి గాలికి వేడిని వదిలి మళ్ళీ ద్రవమవుతుంది. సన్నని వాల్వు గుండా పీడనం తగ్గించుకొని మళ్ళీ మొదటికి వస్తుంది. లండన్‌లో జేకబ్ పెర్కిన్స్ 1834లో పేటెంటు పొందిన చక్రం ఇదే. అంతకు ముందు ఏడాదే, 1833లో, అమెరికాలోని బోస్టన్ నుండి సరస్సుల మంచుగడ్డలు ఓడలో కలకత్తా చేరాయి. ఆ మంచును దాచడానికి మద్రాసు సముద్రతీరాన 1842లో కట్టిన ఐస్ హౌస్ భవనం నేటికీ ఉంది. ఓడలో వచ్చిన మంచు రోజుల నుండి మన పల్లెలో పాలతొట్టి దాకా వచ్చామంటే, పెర్కిన్స్ చక్రం చలవే.

ఈ నాలుగింటిలో పేరంతా కంప్రెసరుది. శబ్దం చేసేది అది, కరెంటు తాగేది అది. కానీ అది ఎంత కరెంటు తాగాలో నిర్ణయించేవి మాత్రం నోరు మెదపని ఆ రెండు కాయిళ్ళే. నా మాట నమ్మనక్కర లేదు, లెక్క చూడండి.

ఒక్క డిగ్రీ ఖరీదెంత?

ఫ్రెంచి ఇంజనీరు సాదీ కార్నో 1824లో ప్రకటించిన సిద్ధాంతం నుండి వచ్చిన సూత్రం మనందరికీ తెలిసిందే. ఆదర్శ యంత్రంలో, మోటారు ఒక పాలు పని చేస్తే ఎన్ని పాళ్ళ వేడి ఎత్తగలదో చెప్పే సంఖ్య సి.ఓ.పి. చల్లని వైపు పరమ ఉష్ణోగ్రతను, రెండు వైపుల తేడాతో భాగిస్తే అది వస్తుంది.

గదిలో 5 డిగ్రీలు కావాలి, బయట 42 డిగ్రీల ఎండ అనుకుందాం. రెంటచింతల ఎండలు విన్నవారికి ఈ అంకె తక్కువనే అనిపిస్తుంది! తేడా 37 డిగ్రీలు. 278ని 37తో భాగిస్తే 7.5. చాలా గొప్ప అంకె. కానీ ఇది అబద్ధపు అంకె. ఎందుకంటే గది 5 డిగ్రీల్లో ఉంటే కాయిలు కూడా 5 డిగ్రీల్లోనే ఉంటే, వేడి గదిలోంచి కాయిల్లోకి ఎందుకు పోతుంది? పోదు. కాయిలు ఇంకా చల్లగా ఉండాలి. అలాగే బయటి కాయిలు ఎండకంటె వేడిగా ఉండాలి.

కాయిళ్ళు చిన్నవై, లోపలిది 10 డిగ్రీలు కిందికి, బయటిది 12 డిగ్రీలు పైకి పోవాల్సి వచ్చిందనుకోండి. అప్పుడు మోటారు ఎత్తాల్సింది మైనస్ 5 నుండి 54 దాకా. 268ని 59తో భాగిస్తే సుమారు 4.5. అదే మంచి కాయిళ్ళు పెట్టి ఆ తేడాలను 5కూ, 8కీ తగ్గిస్తే, 0 నుండి 50 దాకా ఎత్తితే చాలు. 273ని 50తో భాగిస్తే సుమారు 5.5. కంప్రెసరు జోలికే పోకుండా, కాయిలు మార్చినందుకే కరెంటులో ఆరోవంతు మిగిలింది! నిజమైన యంత్రాల్లో ఈ అంకెలు ఇంతకంటె తక్కువగా ఉంటాయి గాని, పోలిక ఇంచుమించు ఇలాగే ఉంటుంది. ఒక్కో డిగ్రీకి 2 నుండి 3 శాతం కరెంటు అని గుర్తుంచుకుంటే చాలు.

దుకాణంలో ఒకే టన్ను కెపాసిటీగల రెండు ఏసీలను పక్కపక్కన పెట్టి చూడండి. నక్షత్రాలు ఎక్కువున్న దాని బయటి పెట్టె చాలాసార్లు పెద్దదిగా ఉంటుంది. డబ్బు పెట్టి కొంటున్న ఆ అదనపు జాగాలో ఉన్నది ఎక్కువగా కాయిలే.

ఇప్పుడు పాల లెక్క. 1000 లీటర్ల పాలను 35 డిగ్రీల నుండి 4 డిగ్రీలకు దించాలి. పాల బరువు సుమారు 1030 కిలోలు, విశిష్టోష్ణం కిలోకు డిగ్రీకి సుమారు 3.9 కిలోజౌళ్ళు, తేడా 31 డిగ్రీలు. గుణిస్తే దాదాపు 1,24,500 కిలోజౌళ్ళు, అంటే 34.6 యూనిట్ల వేడి. యంత్రం సి.ఓ.పి. 3 అయితే కరెంటు 11.5 యూనిట్లు. కాయిలు పాడై 2కు దిగితే 17.3 యూనిట్లు. రోజుకు సుమారు 6 యూనిట్ల చొప్పున ఏడాదికి 2,100 యూనిట్లు దండగ. ఆ సొమ్ము గాల్లోంచి రాదు, లీటరు ధరలోంచే పోతుంది.

బలహీనమైన వైపే బలం చేకూర్చాలి

వేడి ఎంత పోతుందన్నది మూడింటి గుణకారం: వైశాల్యం, ఉష్ణోగ్రతల తేడా, వేడి దాటే సౌలభ్యం. తేడా పెంచితే కరెంటు ఖర్చు కాబట్టి మిగిలిన రెంటినీ పెంచాలి. ఇక్కడే కాయిలు జ్యామితి మొదలవుతుంది.

సాగర్ కుడికాలువ ఎంత వెడల్పున్నా, పొలానికి నీరిచ్చే తూము ఇరుకైతే చేనికి పారేది తూము కొలతే. కాయిల్లో అలాంటి తూము గాలి వైపు ఉంటుంది. గొట్టం లోపల మరిగే ద్రవం చదరపు మీటరుకు డిగ్రీకి 2,500 వాట్లు తీసికోగలదనుకుందాం. బయట ఫ్యాను గాలి 50 వాట్లే ఇవ్వగలదనుకుందాం. అవరోధాలు వీటి విలోమాలు: 0.0004, 0.02. రెండూ కలిపి 0.0204. లోపలి వైపు ఎంతో శ్రమపడి రెట్టింపు చేస్తే మొత్తం 0.0202 అవుతుంది. లాభం 1 శాతం! అదే గాలి వైపు రెట్టింపు చేస్తే 0.0104. లాభం దాదాపు రెండింతలు. కాబట్టి రెక్కలను గొట్టం లోపలికంటె ముందు బయటే తొడుగుతారు.

రెక్కల వల్ల ఎంత లాభమో కొలుద్దాం. 10 మి.మీ. వ్యాసం, ఒక మీటరు పొడవు గల గొట్టానికి బయటి వైశాల్యం 314 చదరపు సెంటీమీటర్లు. గొట్టం వాటాకు 25 మి.మీ. చదరపు అల్యూమినియం రేకులు, 2.5 మి.మీ.కు ఒకటి చొప్పున 400 తొడిగామనుకోండి. గొట్టం దూరే రంధ్రం తీసేస్తే ఒక్కో రేకు రెండు ముఖాలు కలిపి సుమారు 11 చదరపు సెంటీమీటర్లు. మొత్తం 4,370. అంటే గొట్టానికి ఉన్నదానికి 14 రెట్లు! రేకులను 1.6 మి.మీ.కు దగ్గర చేస్తే 22 రెట్లు, 5 మి.మీ.కు దూరం చేస్తే 7 రెట్లు.

చూశారా, నేను మా బాబాయికి చెప్పిన సలహా పుస్తకం ప్రకారం తప్పేమీ కాదు. 22 రెట్లు, 14 రెట్లకంటె ఎక్కువే కదా!

అయితే రేకు కొస, గొట్టం దగ్గరున్నంత చల్లగా ఉండదు. వేడి ఆ పల్చని లోహం గుండా ప్రయాణం చెయ్యాలి. అందుకే రేకు మరీ పొడవైతే కొసభాగం పేరుకే రెక్క. గొట్టాన్ని రేకు గట్టిగా పట్టుకొని ఉండకపోయినా అంతే సంగతి. మెకానిక్కులు కాయిలు కడిగేటప్పుడు రేకులు వంచేస్తే జరిగే నష్టం కూడా తక్కువేమీ కాదు.

వరుసలూ, వాటి అమరికా

వైశాల్యం పెంచే రెండో మార్గం ఒకదాని వెనక ఒకటిగా గొట్టాల వరుసలు పేర్చడం. ఇక్కడ ఒక కిటుకుంది. ప్రతి వరుసా తన దగ్గరికి వచ్చిన తేడాలో 30 శాతం తీసేస్తుందనుకుందాం. మొదటి వరుస నూటికి 30 తీస్తుంది. రెండోది మిగిలిన 70లో 30 శాతం, అంటే 21. మూడోది 14.7, నాలుగోది 10.3, అయిదోది 7.2, ఆరోది 5. పంక్తిలో చివర కూర్చున్నవాడికి కూర అడుగంటినట్లు, వెనక వరుసకు మిగిలేది తక్కువ. కానీ గాలిని తోయడానికి ఫ్యాను పడే కష్టం మాత్రం ప్రతి వరుసకూ ఇంచుమించు సమానమే. అందుచేత లోతు పెంచడం కంటె ముఖం పెంచడం మేలు. కాకపోతే ముఖం పెంచితే జాగా, ఖరీదూ పెరుగుతాయి.

గొట్టాలను ఎదురెదురుగా పేర్చాలా, సందు విడిచి సందులో పేర్చాలా అన్నది ఇంకో ప్రశ్న. సందుల్లో పేరిస్తే మొదటి వరుసను తప్పించుకున్న గాలి రెండో వరుసకు ఎదురుగా తగులుతుంది, సుడులు తిరుగుతుంది, వేడి బాగా మారుతుంది. సాధారణంగా ఏసీ కాయిళ్ళన్నీ ఇలాగే ఉంటాయి. ఎదురెదురు వరుసల్లో గాలి సూటిగా జారిపోతుంది, కాని ఫ్యానుకు హాయి, కడగడం సులభం.

గొట్టం లావూ, దారులూ

"సన్న గొట్టమా, లావు గొట్టమా?" అన్నదానికి ఒక్క మాటలో జవాబు లేదు. సన్నగొట్టంలో అదే ద్రవానికి ఎక్కువ గోడ తగులుతుంది. ఒకప్పుడు ఏసీల్లో సర్వసాధారణమైన 9.5 మి.మీ. గొట్టాలు 7కు, 5కు తగ్గుతూ రావడానికి కారణం ఇదే. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం, 2016 నాటి కిగాలి సవరణ తర్వాత, యంత్రంలో నింపే శీతలీకరణ ద్రవం ఎంత తగ్గితే అంత మంచిదన్న ఆలోచన కూడా తోడయింది. కార్ల ఏసీల్లో మొదలై ఇళ్ళలోకి వచ్చిన చప్పిడి అల్యూమినియం కండెన్సర్లలో, ఒక్కో చప్పిడి గొట్టంలో ఒక మిల్లీమీటరు ప్రాంతపు సన్నని రంధ్రాలు వరుసగా ఉంటాయి.

ఇబ్బంది ఎక్కడంటే, ఒకే ప్రవాహాన్ని సన్నగొట్టంలో తోస్తే పీడన నష్టం వ్యాసం అయిదో ఘాతానికి విలోమంగా పెరుగుతుంది. వ్యాసం సగమైతే నష్టం సుమారు 32 రెట్లు! ఎవాపరేటర్లో పీడనం పడిపోతే మరిగే ఉష్ణోగ్రత కూడా పడిపోతుంది. అంటే ఇందాక డిగ్రీ డిగ్రీకీ లెక్కగట్టి మిగిల్చినదాన్ని గొట్టంలోనే పోగొట్టుకుంటాం. దీనికి విరుగుడు దారులు చీల్చడం. ఒక పొడుగాటి దారిని రెండు పాయలు చేస్తే ఒక్కో పాయలో పొడవు సగం, ప్రవాహం సగం. నష్టం పొడవును బట్టీ, ప్రవాహం వర్గాన్ని బట్టీ ఉంటుంది కనుక, సగాన్ని పావుతో గుణిస్తే ఎనిమిదో వంతుకు దిగుతుంది. మరీ ఎక్కువ పాయలు చేస్తే మాత్రం వేగం చచ్చి, నూనె వెనక్కి రాదు. ఒక పాయలో ద్రవం నిండి, ఇంకో పాయ ఎండి, కాయిలు సగం దండగవుతుంది.

వంపు సంగతి కూడా చెప్పాలి. బస్సు మలుపు తిరిగితే మనం బయటి వైపుకు ఒరుగుతాం. స్ప్రింగులా చుట్టిన గొట్టంలో ద్రవమూ అంతే. నడుమ వేగంగా పోయేది బయటి గోడకు ఒరిగి, గోడల వెంట వెనక్కి తిరిగి, రెండు సుడులు కడుతుంది. 1927లో డబ్ల్యు. ఆర్. డీన్ గణితంతో వివరించిన విషయం ఇది. ఆయన పేరనే డీన్ సంఖ్య వచ్చింది. నెమ్మదిగా పారే ద్రవాన్ని గరిటె లేకుండానే కలియబెట్టే ఉపాయమన్నమాట. చుట్ట ఎంత బిగువైతే కలయిక అంత ఎక్కువ, తోయడానికి పడే శ్రమ కూడా అంత ఎక్కువ.

మిరపకాయ అడిగే ప్రశ్న

మన ప్రాంతంలో ఈ చర్చకు అసలు వేదిక పాలతొట్టి కాదు, మిరప కోల్డ్ స్టోరేజి. గుంటూరు చుట్టుపక్కలా, పల్నాడు దారుల వెంటా కనిపించే ఆ కిటికీల్లేని పెద్ద పెద్ద కట్టడాలు చాలావరకు మిరప టిక్కీల కోసమే. మిరప ఎరుపు వేడికీ, వెలుతురుకూ వెలిసిపోతుంది. రంగు పోతే ధర పోతుంది. ధర లేని రోజున అమ్ముకోకుండా ఆగగలగడమే రైతుకు కోల్డ్ స్టోరేజి ఇచ్చే బలం.

దీంట్లో ఒక విచిత్రం ఉంది. కాయ కల్లాల్లో ఎండి స్టోరేజికి చేరేది ముఖ్యంగా వేసవి నెలల్లో. అంటే ఎండలో కాగిన టిక్కీలు లోపలికి వచ్చే రోజులూ, బయట వేడి పారబోయడం అత్యంత కష్టమైన రోజులూ ఒకటే! కాయిలు సత్తా తేలేది అప్పుడే.

పాతతరం స్టోరేజిల్లో గది పైభాగాన రెక్కల్లేని లావాటి ఇనుప గొట్టాల బారులు ఉంటాయి. లోపల అమ్మోనియా. చల్లబడిన గాలి బరువెక్కి తనంతట తాను అంతస్తుల మధ్యగా కిందికి దిగుతుంది. రాగి ఎందుకు వాడలేదంటే, తేమ కలిసిన అమ్మోనియా రాగిని తినేస్తుంది. ఇనుముతో దానికి పేచీ లేదు. అమ్మోనియా 0 డిగ్రీల దగ్గర కిలోకు సుమారు 1,260 కిలోజౌళ్ళ గుప్తోష్ణం మోస్తుంది. ఆర్-22 వంటివి 200 ప్రాంతమే. అందుకే జర్మనీలో లిండె 1870లలో అమ్మోనియా యంత్రాలు చేసిన నాటినుండి పెద్ద స్టోరేజిల్లో దాని పెత్తనమే సాగుతోంది.

ఆ నున్నటి గొట్టాలను చూసి "ఇదేం మోటు పద్ధతి" అనుకునేవాణ్ణి. రెక్కల కాయిలుకు ఫ్యాను తగిలిస్తే ఎంతో తక్కువ జాగాలో, తక్కువ తేడాతో అదే పని అవుతుంది. కొత్త స్టోరేజిలు చాలావరకు అటే మొగ్గుతున్నాయి. గది అన్ని మూలలకూ సమంగా చలువ చేరడం కూడా ఫ్యాను వల్లే సులభం. కాని ఆ మోటు గొట్టానికీ ఒక సుగుణం ఉంది. దానిమీద మంచు పేరుకున్నా గాలికి దారి మూసుకుపోదు. అప్పుడప్పుడు గీకేస్తే చాలు.

మంచు సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. తలుపు తీసినప్పుడల్లా వచ్చే తేమ 0 డిగ్రీల కంటె చల్లని కాయిలు మీద గడ్డకడుతుంది. అందులో గాలి చిక్కుకొని ఉంటుంది కనుక కంబళిలా పనిచేస్తుంది. రెక్కకు రెండు వైపులా ఒక్కో మిల్లీమీటరు మంచు పట్టిందనుకోండి. 5 మి.మీ. సందులో ఇంకా 3 మిగులుతుంది. 2.5 సందులో అర మిల్లీమీటరు మిగులుతుంది. 1.6 సందు అంతకు ముందే మూసుకుపోతుంది. అందుకే ఏసీ కాయిళ్ళలో రెక్కల దూరం 1.5, 2 మి.మీ. అయితే, కోల్డ్ స్టోరేజిలో 4 నుండి 8, మైనస్ ఉష్ణోగ్రతల గదుల్లో అంతకంటె ఎక్కువ పెడతారు. పుస్తకంలో 22 రెట్లు గొప్ప. మంచు పట్టే గదిలో 7 రెట్లే గొప్ప!

బయటి వైపు ఇంకో ఉపాయం ఉంది. కండెన్సరు గొట్టాల మీద నీళ్ళు జార్చడం. ఆవిరయ్యే నీరు ఎండ 42 ఉన్నా, గాలి పొడిగా ఉంటే 26, 27 డిగ్రీల దాకా దిగగలదు. కండెన్సరు 54 బదులు 38 డిగ్రీల్లో నడిస్తే, ఇందాకటి సూత్రం ప్రకారం 268ని 43తో భాగిస్తే 6.2. 4.5 ఎక్కడ, 6.2 ఎక్కడ! కాని పల్నాడు సున్నపురాయి నేల. బోరు నీళ్ళలోని సున్నం గొట్టాల మీద పెచ్చుకట్టి, కొన్నాళ్ళకు అదీ ఒక కంబళే అవుతుంది. అలాంటి నీటికి దగ్గర దగ్గర రెక్కలున్న కాయిలు పెడితే కడిగేవాడు ఏడవాలి. నున్నటి గొట్టాన్ని బ్రష్షుతో తోమవచ్చు.

పెద్దమ్మకు జవాబు

మళ్ళీ మా పాలకేంద్రానికి వద్దాం. నేను చెప్పి తెప్పించిన కాయిలుకు ముఖం అర చదరపు మీటరు, వరుసలు 4, రెక్కల దూరం 1.6 మి.మీ. దాని బదులు ముఖం ఒక చదరపు మీటరు, వరుసలు 3, దూరం 2.5 మి.మీ. అయితే ఏమవుతుంది? రెక్కల వైశాల్యం పోలికకు ముఖాన్ని వరుసలతో గుణించి దూరంతో భాగిస్తే మొదటిదానికి 1.25, రెండోదానికి 1.2. దాదాపు సమానమే! కాని రెండోదానిలో అదే గాలి సగం వేగంతో, వెడల్పు సందుల్లో, తక్కువ లోతులో పోతుంది. ఫ్యానుకు బరువు తగ్గుతుంది. పొట్టు లోపల ఇరుక్కోదు, ముందువైపే ఆగుతుంది, ఊడ్చుకోవచ్చు. గొట్టం మాత్రం ఒకటిన్నర రెట్లు పడుతుంది, పెట్టె పెద్దదవుతుంది. ఖర్చు కొంత ముందే పెట్టాలి, అంతే.

ఈ లెక్క నేను వేసింది పాలు పోయిన తర్వాత. ముందు వెయ్యవలసింది. అవసరమైన సూత్రాలన్నీ అప్పటికే నా నోటుబుక్కులో ఉన్నాయి, ఒక్కటీ కొత్తది కాదు. లేనిది ఒక్కటే: ఆ కాయిలు ఎక్కడ నిలబడుతుంది, దాని ముందు ఏ గాలి వీస్తుంది, దాన్ని ఎవరు, ఎన్నాళ్ళకు, ఏ నీళ్ళతో కడుగుతారు అన్న ప్రశ్న. పరీక్షల్లో "పొడి, స్వచ్ఛమైన గాలి అనుకొనుము" అని ఇస్తారు. మే నెల నూజెండ్ల గాలి ఆ షరతుకు ఒప్పుకోదు.

ఆ రాత్రి స్విచ్చి పడిన తర్వాత వినుకొండ నుండి వచ్చిన మెకానిక్కు చేసిన పని చూడండి. పుస్తకం తెరవలేదు. ఫ్యాను ఆపి, లోపలి వైపు నుండి బయటికి, రెక్కలు వంగకుండా నెమ్మదిగా నీళ్ళు కొట్టాడు. బురద కాలవలా కారింది. ఎదురుగా ఉన్న గడ్డి మోపులు తీయించాడు. వేడిగాలి గోడకు తగిలి వెనక్కి రాకుండా యూనిట్టును మూడడుగులు జరిపించాడు. గంటలో మీటరు ముల్లు కిందికి దిగింది. "చదువుకున్నోళ్ళు గదా, మీకు తెలవనిదా" అని నాతో అన్నాడు. అందులో వెటకారం లేదు. అదే నన్ను ఎక్కువ బాధించింది.

కొన్నాళ్ళకు ఆ కాయిలు తీసేసి, వెడల్పు రెక్కలూ పెద్ద ముఖమూ ఉన్న కాయిలు పెట్టారు. ఈసారి కొలతలు నేనూ, ఆ మెకానిక్కూ కలిసి వ్రాశాం. వారం వారం కడగాలని గోడ మీద సున్నంతో రాయించాం. పోయిన పాల డబ్బులు మాత్రం ఏ సూత్రమూ తిరిగి తేలేదు.

విద్యార్థి మిత్రులకు ఒక మనవి. మనలో చాలామంది ప్రాజెక్టుల పేరుతో కంప్యూటర్లో కాయిళ్ళు గీసి, రంగురంగుల బొమ్మల్లో సి.ఓ.పి. పెంచుతున్నాం. మంచిదే. గీయబోయే ముందు ఒక్కసారి ఊళ్ళో పాలకేంద్రానికో, దారిలోని కోల్డ్ స్టోరేజికో వెళ్ళి, కండెన్సరు రెక్కల మధ్య వేలు పెట్టి తీసి చూడండి. వేలికి అంటుకున్నది కూడా లెక్కలో ఒక పదమే. అధ్యాపకులకు కూడా ఒక చిన్న కోరిక: ప్రశ్నపత్రంలో "స్వచ్ఛమైన గాలి" అన్నచోట ఒక్కసారి "గడ్డివాము పక్కన" అని ఇచ్చి చూడండి, జవాబులు ఎలా మారతాయో!

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు పెద్దమ్మ కేంద్రం దగ్గర కనిపించింది. పాలు పోసి, చీటీ తీసికొని, కాయిలు వైపు చూసి, "మొన్న ఆదివారం కడగలా వీళ్ళు, చెప్పు" అంది.

ఉంటుంది పెద్దమ్మా, గాలికి దుమ్ముంటుంది. ఇప్పుడు మా పుస్తకంలో రాసుకున్నాను.